ఎనిమిది ఫిరంగులు చెప్పిన అడ్రసు: టెక్సాస్‌లో లా సాల్ కోట జాడ ఎలా తేలింది

టెక్సాస్ గల్ఫ్ తీరంలో 1685లో ఫ్రెంచ్‌వాళ్లు ఒక చిన్న స్థావరం వేసుకున్నారు. అది నిండా నాలుగేళ్లు కూడా నిలవలేదు. చరిత్ర పుస్తకాల్లో దానికి ఫోర్ట్ సెయింట్ లూయీ అని పేరు. అక్కడ బతికినవాళ్లలో ఒకరు వివరంగా దినచర్య రాశారు. శిథిలాలు చూసిన స్పానిష్ అధికారులు రోజువారీ డైరీలు రాశారు, పటాలు గీయించారు. ఆ తర్వాత అదే చోట స్పెయిన్ ఏకంగా మరో కోట కట్టింది. ఇన్ని ఆధారాలున్నా అసలు చోటు ఏదన్న వాదన 1996 దాకా తెగలేదు.

సంక్షిప్తంగా: రాతపూర్వక ఆధారాలు వెతికేవాళ్లను ఒక అఖాతం దాకా, అందులో కలిసే రెండు ప్రవాహాల దాకా తీసుకెళ్లి ఆగిపోయాయి. నేలలో దొరికిన ఫ్రెంచ్ వస్తువులు అనుమానాన్ని బలపరిచాయి కానీ తీర్చలేదు, ఎందుకంటే పైన స్పానిష్ కోట తాలూకు పొర ఉంది. చివరికి వాదన ముగించింది ఒక లెక్క. 1689లో స్పానిష్ సైన్యం పాతిపెట్టిందని చెప్పే ఎనిమిది ఇనుప ఫిరంగులు 1996లో ఆ గట్టు మీదే భూమిలో నుంచి బయటపడ్డాయి.

దారి తప్పిన వలస

ఫ్రెంచ్ అన్వేషకుడు రెనె రాబర్ కవెలియే ద లా సాల్ 1682లో మిసిసిపీ నది వెంట కిందికి దిగి, అది సముద్రంలో కలిసే చోట నిలబడి ఆ పరీవాహకమంతా ఫ్రాన్స్ రాజు 14వ లూయీదని ప్రకటించాడు. 1684 వేసవిలో నాలుగు ఓడలు, సుమారు 300 మందితో మళ్లీ బయలుదేరాడు. ఈసారి సముద్రం వైపు నుంచి వచ్చి నది ముఖద్వారంలో స్థావరం వేయాలన్నది ఆలోచన. అది నిలదొక్కుకుంటే న్యూ స్పెయిన్ (మెక్సికో కేంద్రంగా ఉన్న స్పానిష్ వలస రాజ్యం) వెండి గనుల పక్కలో బల్లెమయ్యేది.

కానీ నది దొరకలేదు. ఆ కాలంలో సముద్రం మీద అక్షాంశం కొలవడం సాధ్యమే, రేఖాంశం కొలవడం సాధ్యం కాదు. 1682లో లా సాల్ తీసుకున్న అక్షాంశపు కొలతే తప్పు. చేతిలో ఉన్న గల్ఫ్ పటాలూ సరైనవి కావు. ఈ రెండు తప్పులూ కలిసి ఓడలను సుమారు 400 మైళ్లు పడమరకు, ఇప్పటి మటగోర్డా అఖాతానికి చేర్చాయి.

దెబ్బలు వరుసగా తగిలాయి. ఒక ఓడను కరీబియన్‌లోనే స్పానిష్‌వాళ్లు పట్టుకున్నారు. సామాన్లతో నిండిన 'ఎమాబ్ల్' 1685 ఫిబ్రవరిలో అఖాతం ముఖద్వారంలో ఇసుక తిన్నెకెక్కి పగిలింది. యుద్ధనౌక 'జోలీ' మార్చిలో ఫ్రాన్స్‌కు తిరిగి వెళ్లిపోయింది. సుమారు 180 మంది తీరాన మిగిలారు. చివరి ఓడ 'లా బెల్' 1686 మొదట్లో అఖాతంలోనే మునిగింది. కాలినడకన మిసిసిపీని వెతుకుతూ పోయిన లా సాల్‌ను 1687 మార్చి 19న అతని మనుషులే చంపారు. స్థావరంలో మశూచి సోకింది. 1688 చివర్లో కరాంకవా తెగవారు దాడి చేసి, మిగిలిన రెండు డజన్ల లోపు మందిని చంపారు. కొందరు పిల్లలను మాత్రం తమతో తీసుకెళ్లి పెంచుకున్నారు.

స్పెయిన్ వెతుకులాట, దాని డైరీలు

ఈ వలస సంగతి స్పెయిన్‌కు 1685లోనే తెలిసింది. లా సాల్ బృందం నుంచి పారిపోయి సముద్రపు దొంగల్లో కలిసిన ఒక ఫ్రెంచ్ కుర్రాడు పట్టుబడి కక్కేశాడు. దాంతో స్పానిష్ ప్రభుత్వం సముద్రం మీద అయిదు, నేల మీద ఆరు దండయాత్రలు పంపింది. దొరక్కపోయినా ప్రతి బృందమూ ఏదో ఒకటి రాసిపెట్టింది. ఇవాళ చరిత్రకారుల చేతిలో ఉన్న సామగ్రిలో ఎక్కువ భాగం ఈ హడావుడి పుణ్యమే. శత్రువు గురించిన టెన్షన్ లేకపోతే ఇంత చిన్న స్థావరం గురించి ఇన్ని కాగితాలు పుట్టేవి కావు.

చివరికి ఉత్తర మెక్సికోలోని కోవహిలా గవర్నర్ అలోన్సో డె లియోన్ 1689 ఏప్రిల్ 22న అక్కడికి చేరాడు. అంతకుముందు ఏడాది స్థానిక తెగల మధ్య బతుకుతూ దొరికిన జాన్ జారీ అనే ఫ్రెంచ్ వ్యక్తి దారి చూపాడు. డె లియోన్ డైరీ ప్రకారం అక్కడ ఓడ కలపతో కట్టిన ఒక పెద్ద ఇల్లు, చుట్టూ కొన్ని చిన్న ఇళ్లు ఉన్నాయి. పెట్టెలు పగిలి, పుస్తకాలు చిరిగి, తుపాకుల కర్రలు విరిగి పడి ఉన్నాయి. బయలులో మూడు శవాలు కనిపించాయి. ఇనుప ఫిరంగులు ఎనిమిది ఉన్నాయి. వాటిని మోసుకెళ్లలేక అక్కడే పాతిపెట్టారు. మరుసటి ఏడాది మళ్లీ వచ్చి, మిగిలిన కట్టడానికి నిప్పు పెట్టారు.

ఫ్రెంచ్ వైపు ముఖ్యమైన సాక్షి ఆన్రీ జూతెల్. లా సాల్ హత్య తర్వాత కెనడా మీదుగా 1688లో ఫ్రాన్స్ చేరగలిగిన కొద్దిమందిలో అతనొకడు. స్థావరం ఎత్తైన గట్టు మీద ఉండేదని, కింద ఏరు పారేదని, ఒక వైపు కనుచూపు మేర గడ్డి మైదానమని, మరో వైపు చిత్తడి నేలలని అతని దినచర్య చెబుతుంది. స్థానిక తెగల మధ్య పెరిగిన తలోన్ కుటుంబపు పిల్లల్లో ఇద్దరు 1698లో ఫ్రాన్స్‌లో ఇచ్చిన వాంగ్మూలం కూడా ఉంది. 1690లో సముద్ర మార్గంలో వచ్చిన స్పానిష్ అధికారి లానోస్ బృందంలో కార్దెనాస్ గీసిన అఖాతం పటం స్పెయిన్ ఆర్కైవుల్లో భద్రంగా మిగిలింది.

కాగితం ఎక్కడ ఆగిపోతుంది

పాత దస్తావేజుల్లో 'తూర్పున వాగు, పడమర మర్రిచెట్టు' అని హద్దులు రాసినట్టే ఉంటాయి ఈ డైరీలు కూడా. రాసినప్పుడు ఏ గందరగోళమూ లేదు. వాగు పేరు మారిపోయాక, చెట్టు పడిపోయాక చదివేవాళ్లకే చిక్కు.

మొదటి చిక్కు దూరాలది. స్పానిష్ లీగ్ సుమారు 4.2 కిలోమీటర్లు. గుర్రం ఎంతసేపు ఏ వేగంతో నడిచిందో చూసి వేసిన అంచనాయే తప్ప గొలుసు పెట్టి కొలిచింది కాదు. బృందం 130 లీగ్‌ల దూరం వచ్చిందనుకుందాం. నూటికి అయిదు పాళ్ల తేడా వస్తే గమ్యం 27 కిలోమీటర్లు అటూఇటూ అవుతుంది. కోటకు పోటీపడిన రెండు ప్రవాహాలు గార్సిటాస్ వాగు, లవాకా నది. రెండూ మటగోర్డా అఖాతానికి పాయ అయిన ఒకే లవాకా అఖాతంలో కలుస్తాయి. వాటి ముఖద్వారాల మధ్య 15 కిలోమీటర్లు కూడా ఉండదు. అంటే ఎంత జాగ్రత్తగా రాసిన డైరీ అయినా, లీగ్‌లు మాత్రమే కూడుతూ పోతే ఈ రెండింటిలో ఏదో తేల్చలేదు. అక్షాంశపు కొలతలూ ఆదుకోలేదు. డె లియోన్ వాడిన ఆస్ట్రోలేబ్ (సూర్యుడి ఎత్తు చూసి అక్షాంశం కొలిచే పరికరం) సరిగ్గా లేదు. ఒక డిగ్రీలో నాలుగో వంతు తేడా వచ్చినా నేల మీద అది 28 కిలోమీటర్లు.

రెండో చిక్కు పేర్లది. ఫ్రెంచ్‌వాళ్లు అడవి దున్నల మందలు చూసి ఒక ఏటికి దున్నల ఏరు అని పేరు పెట్టారు. స్పానిష్ పేరు లవాకాకు అర్థం ఆవు. ఇంత దగ్గర పోలిక చూసి, 20వ శతాబ్దం మొదటిదాకా చాలామంది కోట లవాకా నది మీదే ఉందనుకున్నారు. పేరు ఒక నది నుంచి మరో నదికి జారిపోవడం సరిహద్దు ప్రాంతాల పటాల్లో మామూలే కాబట్టి ఈ పోలికకు ఇవ్వాల్సినంత విలువ కన్నా ఎక్కువే ఇచ్చారని చెప్పాలి.

కొలతల కన్నా గట్టిగా నిలబడేది సంఘటనల వరుస. డె లియోన్ కోట చూసిన తర్వాత అక్కడి నుంచి చుట్టుపక్కల తిరుగుతూ ఏప్రిల్ 25న మరో పెద్ద నదిని చూశాడు. ఆ రోజు సెయింట్ మార్క్ పండుగ కావడంతో దానికి శాన్ మార్కోస్ అని పేరు పెట్టాడు. ఇప్పటి లవాకా అదేనని డైరీ దారిని పట్టుకుని నడిచినవాళ్లు గుర్తించారు. కోట లవాకా మీదే ఉండి ఉంటే, ఏప్రిల్ 22నే ఒడ్డున దిగిన నదిని 25న కొత్తగా కనుక్కోవడం కుదరదు. లీగ్‌ల లెక్క చెప్పలేనిది ఈ తేదీ చెబుతోంది.

ఈ చోటు కోసం రెండు దేశాలెందుకు వాదించుకున్నాయి

ఇది పండితుల సరదా కాదు. లా సాల్ స్థావరం టెక్సాస్ మీద ఫ్రాన్స్ హక్కుకు ఆధారమైతే, ఆ హక్కు 1803లో లూయిజియానాతో పాటు అమెరికాకు అమ్ముడుపోయినట్టే. థామస్ జెఫర్సన్ ప్రభుత్వం ఈ తర్కంతోనే లూయిజియానా పడమటి హద్దు రియో గ్రాండె దాకా వస్తుందని వాదించింది. స్పెయిన్ ఎదురు ఆధారాలు కూడగట్టే పని మెక్సికో నగరంలోని మతగురువు హోసే ఆంతోనియో పిచార్దోకు అప్పగించింది. 1808 నుంచి 1812 దాకా అతను డైరీలు, పటాలు తిరగేసి కొన్ని వేల పేజీల గ్రంథం రాశాడు. చివరికి అమెరికా, స్పెయిన్‌ల మధ్య 1819 ఆడమ్స్–ఓనిస్ ఒప్పందం హద్దును సబీన్ నది దగ్గర గీసింది. టెక్సాస్ స్పెయిన్‌కే మిగిలింది.

దీనివల్ల ఒక మేలు, ఒక కీడు జరిగాయి. కాగితాలన్నీ ఒకచోట చేరాయి. కానీ ఆ తొలి తరం పరిశోధన ఒక పక్షం తరఫు వకాల్తా కోసం జరిగింది. వలస ఎంత తాత్కాలికమో చూపాలని ఒకరు, ఎంత స్థిరమైనదో చూపాలని మరొకరు తాపత్రయపడ్డారు. నేల మీదకు వెళ్లి చూడాలన్న అవసరం ఎవరికీ కలగలేదు.

కోట పేరున్న, గోడ లేని ఊరు

పురావస్తు తవ్వకంలో ముందు అడగాల్సింది ఏం దొరకాలి అని. ఫోర్ట్ అనగానే కందకం, బురుజులు, దుంగల కంచె ఊహించుకుంటే ఇక్కడ ఏమీ దొరకదు. జూతెల్ వర్ణనను బట్టి ఇది ఒక పెద్ద ఇల్లు, దాని పక్కన మట్టి, కర్రలతో వేసిన గుడిసెలు. ప్రాకారం లేదు. రక్షణ అంటే పెద్ద ఇంటి మూలల్లో నిలిపిన ఫిరంగులే. వాటికి గుండ్లు కూడా లేవు. 'జోలీ' ఓడ అడుగున ఉన్న గుండ్లు దించకుండానే ఫ్రాన్స్ తిరిగి వెళ్లిపోయాయి.

ఓడ కలపతో కట్టిన ఇంటికి లోతైన పునాది అక్కర్లేదు. పైగా దాన్ని 1690లో కాల్చేశారు. ఉపయోగపడే మేకులు, ఇనుప ముక్కలు ఏరుకుపోయేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. నేల మీద మిగిలేది గుంజలు పాతిన గుంటలు, చెత్త గోతులు, కుండ పెంకులు, ఎముకలు. అవి కూడా దున్నిన నేలలోనో, వరద వచ్చే ఒడ్డునో అయితే చెదిరిపోతాయి. ఇక్కడ చోటు రాంచ్ భూమిగా ఉండిపోవడం, గట్టు ఎత్తుగా ఉండడం అదృష్టం.

శత్రువే కాపాడి, శత్రువే కలిపేసిన పొర

1719లో ఫ్రాన్స్, స్పెయిన్‌ల మధ్య మళ్లీ యుద్ధం వచ్చినప్పుడు తూర్పు టెక్సాస్ స్థావరాలను స్పెయిన్ ఖాళీ చేయాల్సి వచ్చింది. వాటిని తిరిగి పట్టుకోవడానికి వచ్చిన స్పానిష్ గవర్నర్ మార్కిస్ డె అగ్వాయో తీరంలో ఒక సైనిక స్థావరం అవసరమనుకున్నాడు. అతని మనుషులు 1721లో పాత ఫ్రెంచ్ చోటును స్వాధీనం చేసుకున్నారు. 1722లో అక్కడే లా బహీయా ప్రెసిడియో (స్పానిష్ సైనిక కోట) నిర్మాణం మొదలైంది. పునాదుల కోసం తవ్వుతుంటే మేకులు, తుపాకీ పేల్చే యంత్రాంగపు ముక్కలు, ఫ్రెంచ్‌వాళ్లు వాడిన ఇతర సామాన్లు బయటపడ్డాయని ఆ దండయాత్ర డైరీ రాసిన పేన్యా నమోదు చేశాడు. ఒక రకంగా ఆ చోట తొలి పురావస్తు నివేదిక ఇదే.

ఎక్కడ కట్టినా కట్టవచ్చు, సరిగ్గా ఆ గట్టు మీదే ఎందుకంటే అది జెండా మీద జెండా పాతడం. అందులో రాజకీయ అర్థం స్పష్టం. కానీ మూడు వందల ఏళ్ల తర్వాత తవ్వేవాళ్లకు ఇది రెండు రకాలుగా పనిచేసింది. ఫ్రెంచ్ కోట కావాలంటే స్పానిష్ కోట వెతికినా చాలు, రెండూ ఒకే చోట. అగ్వాయో తరఫున గీసిన పదహారు మొనల నక్షత్రపు ప్లాన్ కూడా ఉంది. ఇది లాభం. ప్రెసిడియో 1726లో లోపలికి, గ్వాదలూపె నది దగ్గరకు మారిపోయింది. అంటే ఇక్కడ నాలుగైదేళ్లే ఉంది. ఆ కొద్ది కాలంలోనే పునాదులు, చెత్త గోతులు తవ్వి పాత పొరను కెలికేసింది. ఇది నష్టం. పైగా సైనికులు, వాళ్ల కుటుంబాలు వదిలిన వస్తువుల ముందు ఫ్రెంచ్ వస్తువులు చాలా తక్కువ.

బోల్టన్ నుంచి గిల్మోర్ దాకా

1914లో చరిత్రకారుడు హెర్బర్ట్ బోల్టన్ స్పానిష్ డైరీలు, కార్దెనాస్ పటం పట్టుకుని స్వయంగా ఆ ప్రాంతానికి వెళ్లాడు. లవాకా అఖాతం నుంచి సుమారు అయిదు మైళ్లు ఎగువన, గార్సిటాస్ వాగు పడమటి గట్టు మీద, ఇప్పటి విక్టోరియా కౌంటీలోని కీరన్ రాంచ్‌లో శిథిలాల ఆనవాళ్లు చూసి, చోటు ఇదేనని మరుసటి ఏడాది వ్యాసం ప్రచురించాడు. ఆర్కైవులో కూర్చుని చదివినదాన్ని గుర్రం మీద వెళ్లి సరిచూసుకున్న పద్ధతి ఇది. అందులో బలమంతా డైరీ చెప్పే వరుస నేలతో సరిపోవడంలో ఉంది. తవ్వకం మాత్రం జరగలేదు.

1950లో టెక్సాస్ మెమోరియల్ మ్యూజియం అక్కడ తవ్వించింది. వస్తువులు దొరికాయి, పెట్టెల్లోకి ఎక్కాయి, అక్కడే ఉండిపోయాయి. రెండు దశాబ్దాల పైచిలుకు తర్వాత పురావస్తు నిపుణురాలు కాత్లీన్ గిల్మోర్ ఆ పెట్టెలు తెరిచి ఒక్కో పెంకూ పరీక్షించి 1973లో నివేదిక ఇచ్చారు. మెక్సికోలోని ప్వెబ్లా నుంచి వచ్చే తెల్ల పూత మజోలికా అనే మట్టిపాత్రల పెంకుల మధ్య, ఆకుపచ్చ మెరుగు పూత ఉన్న మరో రకం పాత్రల పెంకులు ఆమె గుర్తించారు. అవి నైరుతి ఫ్రాన్స్‌లోని సాంతోంజ్ ప్రాంతపు కుమ్మరుల పని. లా సాల్ ఓడలెక్కిన లా రోషెల్ రేవు చుట్టుపక్కల ప్రాంతమే అది. తవ్వకం పూర్తయిన తర్వాత అసలు పరిశోధన ఎక్కడ జరుగుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది. గోతిలో కాదు, బల్ల మీద.

అయినా గిల్మోర్ తన నివేదికలో దీన్ని 'బహుశా' అనే స్థాయిలోనే ఉంచారు. అందుకు కారణం ఉంది. 18వ శతాబ్దంలో ఫ్రెంచ్ లూయిజియానా నుంచి స్పానిష్ టెక్సాస్‌కు దొంగచాటు వ్యాపారం బాగా సాగింది. స్పానిష్ సైనికుడి ఇంట్లో ఫ్రెంచ్ గిన్నె ఉండడం వింతేమీ కాదు. కాబట్టి ఫ్రెంచ్ పెంకు దొరికిందంటే ఫ్రెంచ్‌వాళ్లు ఉన్నారని ఖాయంగా చెప్పలేం. ఈ సందు పట్టుకునే లవాకా పక్షం వాదన బతికి ఉంది. తమ కౌంటీలోనే కోట ఉండాలన్న స్థానికాభిమానం కూడా ఆ వాదనకు ఊపిరి పోసింది.

1995, 1996: రెండు ఇనుప ఆధారాలు

1995 జులైలో రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టెక్సాస్ హిస్టారికల్ కమిషన్ మాగ్నెటోమీటర్‌తో మటగోర్డా అఖాతం అడుగు గాలించి, సుమారు 12 అడుగుల నీటిలో 'లా బెల్'ను పట్టుకుంది. మాగ్నెటోమీటర్ పని సూటిగా ఉంటుంది. భూమి అయస్కాంత క్షేత్రం ఒక చోటికీ మరో చోటికీ దాదాపు సమంగా ఉంటుంది, ఇనుము ఉన్నచోట వంకర తిరుగుతుంది. ఆ వంకరలను పటంగా వేస్తే ఎక్కడ దిగి చూడాలో తెలుస్తుంది. దిగిన మునుగీతగాళ్లకు 14వ లూయీ చిహ్నాలున్న కంచు ఫిరంగి దొరికింది. దాని మీద 1683లో చనిపోయిన ఫ్రెంచ్ నౌకాదళ అధిపతి వెర్మాందువా ప్రభువు గుర్తు కూడా ఉంది. ఓడ చుట్టూ ఇనుప గోడ కట్టి, నీరు తోడేసి 1996–97లో పొడి నేల మీద తవ్వినట్టు తవ్వారు. పది లక్షలకు పైగా వస్తువులు దొరికాయి. ఓడ అడుగు భాగాన్ని ఆస్టిన్‌లోని బులక్ మ్యూజియంలో నిలబెట్టారు. ఆస్టిన్, హ్యూస్టన్ వైపు ఉండే తెలుగు కుటుంబాల్లో పిల్లల్ని తీసుకెళ్లి దీన్ని చూసివచ్చినవాళ్లు తక్కువేమీ కారు.

కోట వెతుకులాటకు ఓడ ఎలా పనికొచ్చింది? ఓడ ముంపు చోటు కూడా స్పానిష్ బృందాలు నమోదు చేసిన విషయమే. అవి చెప్పిన చోట ఓడ నిజంగా దొరికితే, అదే కాగితాలు కోట గురించి చెప్పేదాని మీద నమ్మకం పెరుగుతుంది.

1996లో కీరన్ రాంచ్ పనివాడు ఒకరు మెటల్ డిటెక్టర్‌తో తిరుగుతుంటే మోత వచ్చింది. తవ్వితే ఒక ఇనుప ఫిరంగి బయటపడింది, తర్వాత మిగిలినవి. కమిషన్ నిపుణులు వచ్చి చూసేసరికి లెక్క తేలింది: ఎనిమిది. పాతిపెట్టి 307 ఏళ్లయింది.

ఈ ఆధారం పెంకుల కన్నా ఎందుకు గట్టిది? పెంకు చేతులు మారుతుంది. బరువైన ఫిరంగిని ఎవరూ వ్యాపారానికి మోసుకురారు, మోసుకొచ్చినా మట్టిలో పాతరు. అంతకన్నా ముఖ్యం, ఇది ముందే చెప్పిన జోస్యం లాంటిది. వస్తువు ఏదో, లోహం ఏదో, సంఖ్య ఎంతో, ఎవరు ఎందుకు పాతారో 1689 కాగితంలో ఉంది. తవ్వకం జరగకముందే ఆ షరతులు ఖరారయ్యాయి. దొరికిన వస్తువును చూసి కథ అల్లడం ఇక్కడ కుదరదు. ఏడో, పన్నెండో దొరికి ఉంటే వాదన మళ్లీ మొదలయ్యేది.

ఆ తర్వాత 1999 నుంచి 2002 దాకా జిమ్ బ్రూసెత్ నాయకత్వంలో కమిషన్ పూర్తిస్థాయి తవ్వకాలు జరిపింది. స్పానిష్ ప్రెసిడియో తాలూకు పొర, దాని కింద, మధ్యలో ఫ్రెంచ్ వస్తువులు వెలుగుచూశాయి. రెండు కోటలూ ఒకే గట్టు మీద ఉన్నాయన్న పేన్యా మాట నిజమని తేలింది. ఈ చోటు ఇప్పటికీ ప్రైవేటు భూమే. ఫిరంగుల్లో కొన్నింటిని విక్టోరియా నగరంలోని మ్యూజియంలో చూడవచ్చు.

'లా బెల్' మాత్రం యాజమాన్యపు చిక్కు తెచ్చింది. అది ఫ్రెంచ్ నౌకాదళపు ఓడ కాబట్టి తనదేనని ఫ్రాన్స్ అడిగింది. 2003 ఒప్పందంలో యాజమాన్యం ఫ్రాన్స్‌దని అమెరికా ఒప్పుకుంది, వస్తువులను దీర్ఘకాలం టెక్సాస్ దగ్గరే ఉంచడానికి ఫ్రాన్స్ ఒప్పుకుంది. మునిగిన యుద్ధనౌక జెండా మారదన్న సూత్రం నేల మీది కోటకు వర్తించదు.

ఇంకో రెండు కోటలు: ఒకటి దొరికింది, ఒకటి దొరకలేదు

ఉత్తర కరోలినాలోని మోర్గాంటన్ దగ్గర బెర్రీ సైట్ కథ కొంత వేరు. స్పానిష్ కెప్టెన్ హువాన్ పార్దో 1567లో హోవారా అనే స్థానిక పట్టణంలో శాన్ హువాన్ కోట కట్టి 30 మందిని వదిలి వెళ్లాడు. 1568లో స్థానికులు దాన్ని కాల్చేశారు. పార్దో వెంట ఉన్న లేఖకుడు బాందెరా రోజువారీ లీగ్‌లు రాశాడు. 1980లలో చార్లెస్ హడ్సన్ బృందం ఆ దారిని మళ్లీ కట్టి, అది అంతకుముందు అనుకున్నదాని కన్నా వేరని చూపింది. ఏళ్ల తరబడి తవ్వకాల్లో కాలిపోయిన ఇళ్లు, స్పానిష్ పాత్రల ముక్కలు, మేకులు దొరికినా కోట దొరికిందని ఎవరూ తొందరపడి ప్రకటించలేదు. 2013లో కందకం కనిపించాకే ప్రకటించారు. ఇక్కడ పైన మరో యూరోపియన్ పొర లేకపోవడం పని సులువు చేసింది. నిప్పు కూడా సాయపడింది. కాలిన మట్టికి అయస్కాంత గుణం వస్తుంది, బొగ్గైన దుంగ చీకిపోదు. కాల్చినవాళ్లు చెరిపేద్దామనుకున్నది కాల్చడం వల్లే మిగిలింది.

ఫ్లోరిడాలోని ఫోర్ట్ కరోలిన్ దీనికి వ్యతిరేకం. రెనె ద లోదోనియే 1564లో కట్టించిన ఈ ఫ్రెంచ్ కోటను మరుసటి ఏడాదే పెద్రో మెనెందెస్ పట్టుకుని శాన్ మతేయో అని పేరు మార్చాడు. 1568లో ఫ్రెంచ్‌వాళ్లు ప్రతీకారంగా వచ్చి దాన్ని తగలబెట్టారు. రాతలకు లోటు లేదు. జాక్సన్‌విల్ దగ్గర సెయింట్ జాన్స్ నది ఒడ్డున ఉండేదని ఎక్కువమంది ఒప్పుకుంటారు. కానీ 1880ల నుంచి ఓడల రాకపోకల కోసం నదీ ముఖద్వారంలో రాతి కట్టలు వేసి, కాలువ లోతు చేశాక ఒడ్డు కోసుకుపోయింది. అక్కడ ఇప్పుడు కనిపించే కోట సందర్శకుల కోసం కట్టిన నమూనా మాత్రమే. దొరకాల్సిన నేలే లేకపోతే ఏ పరికరమూ ఏమీ చేయలేదు.

2014లో ఇద్దరు పరిశోధకులు ఆ కోట అసలు ఫ్లోరిడాలోనే లేదని, జార్జియాలోని ఆల్టమాహా నది ముఖద్వారం దగ్గర ఉందని ప్రకటించారు. పాత పటాలు, స్థానిక భాషల గురించిన వాదన దానికి ఆధారం. ఫ్లోరిడా పురావస్తు నిపుణులు చాలామంది దీన్ని ఒప్పుకోలేదు. గార్సిటాస్ అనుభవంతో చూస్తే ఈ వాదన ఏ మెట్టు మీద ఉందో చెప్పవచ్చు. 1914లో బోల్టన్ నిలబడ్డ మెట్టు కన్నా కింద, ఎందుకంటే బోల్టన్‌కు సాటి సాక్షులు ఇద్దరు ముగ్గురు ఒకే దారి చెప్పారు. ఆల్టమాహా వాదన పైకెక్కాలంటే 16వ శతాబ్దపు ఫ్రెంచ్ వస్తువులు ఆ ఒడ్డున గట్టి నేల పొరలో దొరకాలి. ఆ తర్వాత లోదోనియే మనుషులు గానీ మెనెందెస్ మనుషులు గానీ రాసిపెట్టిన, లెక్కపెట్టదగిన విషయం ఏదైనా ఆ నేల మీద సరిపోవాలి.